పాసుపుస్తకం అట్టలో మడిచిన వీలునామా

కర్నూలులో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా 34 ఏళ్లు దస్తావేజులు రాసినాను. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది కాబట్టి రాసే పని మానేసి, మీ ఉత్తరాలు చదివే పని పెట్టుకున్నాను. ఈ నెల సంచీలో వీలునామా ఉత్తరాలే ఎక్కువ. ఎట్లా రాయాలని అడిగినవాళ్లు తక్కువ, రాసింది యాడ పెట్టాలి, పోయినాయన పెట్టింది యాడ వెతకాలి అని అడిగినవాళ్లే అందరూ.

ప్రశ్న: అయ్యా, నాకు 74 ఏళ్లు. టీచరుగా చేసి రిటైరైనాను. నేను కొన్న ఇల్లు, ఐదెకరాల మెట్ట ఉన్నాయి. పెద్దోడు బెంగళూరులో, కూతురు కడపలో, చిన్నోడు మాతోనే. తెల్లకాగితం మీద వీలునామా రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించాను. రిజిస్టరు చేయించలేదు. అందులో ఏముందో ఇప్పుడే తెలిస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. బీరువాలో పెట్టాలా, బ్యాంకు లాకరులోనా, వకీలు దగ్గరా? స్టాంపు పేపరు మీద లేదు కాబట్టి అసలది చెల్లదని నా మిత్రుడొకాయన అంటున్నాడు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పత్తికొండ

జవాబు: సార్, ముందు మీ మిత్రుడి సంగతి తేల్చేద్దాం. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. తెల్లకాగితం చాలు. మీరు సంతకం పెడుతుంటే సాక్షులిద్దరూ చూసి, మీ ఎదుటే వాళ్లూ సంతకాలు పెట్టి ఉంటే 1925 నాటి భారత వారసత్వ చట్టం అడిగేది తీరినట్టే. రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. ఆయనకు నా పేరు చెప్పి ఒక కాఫీ ఇప్పించండి.

ఇక దాచే సంగతి. దానికి ముందు మా చిన్నాయన కథ వినాలి మీరు.

కోడుమూరు దగ్గర పల్లె ఆయనది. 1998లో వీలునామా నేనే రాసినాను. సాక్షులు ఇద్దరు. ఒకాయన నా పక్కన కూర్చునే రైటరు, ఇంకొకాయన ఊళ్లో ఉండే రిటైరైన బస్సు కండక్టరు. "నకలు వద్దురా, నాలుగు చేతులు పడితే నలభై నోళ్లు పడతాయి" అని అసలు కాగితం ఒక్కటే జేబులో పెట్టుకుని పోయినాడు. 2006లో వానాకాలం మొదట్లో ఆయన పోయినాడు. కర్మ అయినాక వెతుకులాట మొదలైంది. ట్రంకు పెట్టె అడుగున పరిచిన పేపరు తీసి చూసినారు. దేవుని గూడు, శెనక్కాయల గది, చివరికి పరుపు కుట్లు కూడా విప్పినారు. లేదు. రాసింది నేనే కాబట్టి దాచింది కూడా నేనే అన్నారు. మూడు ఉగాదులు మా ఇంటి గడప తొక్కలేదు ఆ పిల్లలు.

ఆ కాగితం యాడుందో తెలుసా సార్? బ్యాంకులో. లాకరులో కాదు. పంట రుణం కోసం చిన్నాయన పట్టాదారు పాసుపుస్తకం బ్యాంకులో పెట్టినాడు. ఆ పుస్తకానికి ప్లాస్టిక్ అట్ట ఉంటుంది కదా, దానికీ లోపలి అట్టకీ నడుమ వీలునామా నాలుగు మడతలు పెట్టి దోపినాడు. భద్రంగా ఉంటుందనుకున్నాడో, పుస్తకం ఇచ్చేటప్పుడు మరిచినాడో ఇప్పుడెవరు చెప్తారు. 2008లో కేంద్రం రుణమాఫీ ఇచ్చినాక, 2009 ఎండాకాలంలో పుస్తకం తిరిగొచ్చింది. పెద్ద కొడుకు అట్ట మారుద్దామని విప్పితే కిందపడింది.

మడత పడినచోట కాగితం చీలి ఒక సాక్షి సంతకం రెండు ముక్కలైంది. ఆ సాక్షి, అంటే మా పక్క రైటరు, 2007లోనే పోయినాడు. నేను సాక్షిగా పనికిరాను. రాసినవాడిగా సంతకం పెట్టినాను తప్ప సాక్షిగా పెట్టలేదు. కోర్టులో ఆ రెండూ వేరు. కండక్టరాయన తాడిపత్రిలో కూతురి దగ్గర బతికే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. కానీ అప్పటికి ఏమైందంటే, పెద్దోడికి రాసిన చేనులో చిన్నోడు బోరు వేసుకున్నాడు. నీళ్లు పడినాయి మరి. ఆ నీళ్ల దగ్గర వచ్చిన తగువు ఇప్పటికీ పూర్తిగా ఆరలేదు.

అందుకే మీకు చెప్పేదేమంటే, ఏముందో చెప్పొద్దు, యాడుందో మాత్రం చెప్పండి. చిన్నాయన ఈ రెంటినీ ఒకటే అనుకున్నాడు.

మీరడిగిన మూడు చోట్లూ చూద్దాం. బీరువా తప్పేం కాదు. కానీ మీ చిన్నోడు ఆ ఇంట్లోనే ఉంటాడు. అతను మంచోడే కావచ్చు. రేపు కాగితంలో ఒక అంకె దిద్దినట్టు కనపడితే, లేదా కాగితమే కనపడకపోతే, పెద్దోడు ఎవరి వైపు చూస్తాడు? బీరువా తాళం ఉన్నోడి మీదికి ఆ అనుమానం పోకుండా చూడటం కూడా తండ్రి పనే.

బ్యాంకు లాకరు మీ ఒక్కరి పేరు మీద ఉంటే అందులో వీలునామా పెట్టొద్దు. మీ తాళంచెవి మీ వాళ్ల చేతిలో ఉన్నా లాకరు తెరుచుకోదు, బ్యాంకు తాళం కూడా తిరగాలి. మీ తర్వాత నామినీయో వారసులో మరణ ధృవీకరణ పత్రం పట్టుకుని పోవాలి, ఇద్దరు సాక్షుల ఎదుట లోపలున్నవి జాబితా రాయాలి. నామినీ పేరే లేకపోతే వారసులు ఎవరన్నది తేలేదాకా ఆగాలి. వారసుల తగువు తీర్చే కాగితమేమో లాకరు లోపలే ఉంటుంది. అమ్మగారి పేరు కూడా కలిపి, మీలో ఎవరు బతికి ఉన్నా తెరిచేట్టు రాయించి ఉంటే మాత్రం ఫరవాలేదు.

వకీలు దగ్గర పెట్టొచ్చు. కానీ ఆయన వయసు కూడా చూసుకోండి. మీకన్నా పెద్దాయన దగ్గర పెట్టి ప్రయోజనమేముంది!

మీరడగని నాలుగో చోటు ఒకటుంది. 1908 రిజిస్ట్రేషను చట్టంలోనే ఉన్నా మన వైపు ఎవరూ వాడుకోరు. వీలునామాను కవరులో పెట్టి సీలు వేసి, కవరు పైన మీ పేరు, లోపలున్నది వీలునామా అని రాసి, జిల్లా రిజిస్ట్రారు దగ్గర డిపాజిట్ చేయొచ్చు. సబ్‌రిజిస్ట్రారు దగ్గర కాదు, జిల్లా రిజిస్ట్రారు దగ్గరే. మీరు కర్నూలు రావాలి. కవరు తెచ్చింది మీరేనని నమ్మకం కుదిరితే చాలు, ఆయన కవరు విప్పడు, చదవడు. పైనున్న రాతను, తెచ్చిన తేదీని, గంటను, మిమ్మల్ని గుర్తుపట్టి చెప్పినవాళ్ల పేర్లను, సీలు మీద కనపడే గుర్తును 5వ నంబరు పుస్తకంలో ఎక్కించి, కవరును అగ్గి అంటని పెట్టెలో పెడతాడు.

సీలు మీది గుర్తును కూడా రాసుకుంటారు కాబట్టి ఒక ముచ్చట. మా కాలంలో ఒక పెద్దమనిషి ఉంగరం లేదని, లక్క కరిగించి పావలా బిళ్ల ఒత్తినాడు. ఖడ్గమృగం బొమ్మ పావలా అది. గుమాస్తా కళ్లజోడు పైకెత్తి, "ఏమప్పా, ఇది ఏనుగా, పందా?" అని అడిగితే ఆఫీసంతా నవ్వింది. మీరు సొంత ఉంగరమో ముద్రో తెచ్చుకోండి. ఇంకొకాయనైతే డిపాజిట్ అంటే వడ్డీ ఎంతొస్తుందని అడిగినాడు.

మనసు మారితే మీరే అర్జీ పెట్టుకుని కవరు వెనక్కి తీసుకోవచ్చు. మీరు పోయినాక మీ వాళ్లలో ఎవరైనా మరణ ధృవీకరణ పత్రంతో దరఖాస్తు పెడితే, వాళ్ల ఎదుటే కవరు తెరిచి, లోపలున్నది 3వ నంబరు పుస్తకంలోకి నకలు రాయించి, అసలు మళ్లీ పెట్టెలోనే పెడతారు. ఆ ఖర్చు దరఖాస్తు పెట్టినవాళ్లది. మీ వాళ్ల చేతికొచ్చేది నకలు. అసలు కావాలంటే కోర్టు తెప్పించుకుంటుంది. ఏ కొడుకూ దాన్ని చింపలేడు, దిద్దలేడు.

అయితే రెండు చిక్కులున్నాయి. కవరు విప్పరు కాబట్టి లోపల తప్పుంటే ఆ తప్పు కూడా సీలు పడుతుంది. ఒక్క సాక్షే సంతకం పెట్టినా, తేదీ లేకపోయినా మీరున్నన్నాళ్లూ ఎవరికీ తెలీదు. సీలు వేసేముందు తెలిసిన వకీలుకు ఒకసారి చూపించండి. రెండోది, మీరు పోయిన సంగతి రిజిస్ట్రారుకు ఎవరూ చెప్పరు. ఆయన కవరు పట్టుకుని మీ ఇల్లు వెతుక్కుంటూ రాడు. ఎవరూ అడక్కపోతే అది ఆ పెట్టెలోనే ఉంటుంది, చిన్నాయన పాసుపుస్తకంలో ఉన్నట్టు.

దానికి నేను అందరికీ చెప్పేది జాడ చీటీ. అరపేజీ చాలు. ఫలానా తేదీన వీలునామా రాసినాను, ఫలానా ఆఫీసులో ఫలానా నంబరుతో ఉంది, సాక్షులు ఫలానా, వాళ్ల ఫోన్లు ఇవి, అమలు చేయమని ఫలానా వాళ్లను పెట్టినాను. అంతే. ఎవరికేం ఇచ్చిందీ అందులో ఒక్క ముక్క ఉండకూడదు. మూడు చీటీలు రాసి ముగ్గురు పిల్లలకూ ఒకే రోజు ఇవ్వండి. పెద్దోడికి పోస్టులో పంపకండి, సంక్రాంతికి వచ్చినప్పుడు ముగ్గురినీ కూర్చోబెట్టి ఇవ్వండి. "ఏముంది నాయనా అందులో?" అని అడుగుతారు. "నేను పోయినాక చదువుకోండి" అనండి. నాకు తెలిసి ఆ మాటకు ఏ పండగా చెడలేదు.

అమ్మగారికి మాత్రం అన్నీ చెప్పండి సార్. ఆమెకు కూడా దాస్తే మీరు వీలునామా రాయలేదు, కోర్టు కేసు రాసినారు.

ఇద్దరు సాక్షుల వయసెంతో మీరు రాయలేదు. ఇద్దరూ మీ ఈడువాళ్లే అయితే మళ్లీ ఒకటి రాసి, 40, 50 ఏళ్లవాళ్లతో సంతకం పెట్టించుకోండి. ఆస్తి ముట్టే మనిషి సాక్షి కాకుండా చూసుకోండి. కోర్టుకు పోతే రిజిస్టరైన వీలునామాకైనా బతికున్న సాక్షి ఒకరు వచ్చి చెప్పాల్సిందే. కొత్తది రాసినప్పుడు పాతది రద్దు చేస్తున్నానని అందులో ఒక వాక్యం పడాలి. ఆఖరున రాసిందే నిలుస్తుంది.

ప్రశ్న: అన్నా, మా నాయన పోయిన మాఘంలో పోయినాడు. "ఇల్లు నీకే రాసినా తల్లీ, రిజిస్టరు కూడా చేయించినా" అని ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని చెప్పినాడు. యాడ చేయించినాడో చెప్పలేదు. మా అన్నలు వీలునామా ఏదీ లేదంటున్నారు. ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే అందులో ఏమీ లేదు. పాలు పంచుకుందాం, సంతకం పెట్టు అని తొందర పెడుతున్నారు.
– ఒక చెల్లెలు, ఆదోని

జవాబు: అమ్మా, ఈసీలో లేదంటే వీలునామా లేదని కాదు. ఈసీ 1వ నంబరు పుస్తకం చూసి ఇస్తారు, అమ్మకాలు, తనఖాలు, దానాలు అందులో ఉంటాయి. వీలునామాలు 3వ నంబరు పుస్తకంలో ఎక్కుతాయి. ఇది తెలియక ఈసీ చూసి వెనక్కి పోయినవాళ్లను నేను వందమందిని చూసినాను. వాళ్లకు ఈసీ ఇచ్చిన కౌంటరులో ఎవరూ ఆ మాట చెప్పరు, వీళ్లూ అడగరు.

నాయన బతికుండగా ఆ నకలు ఆయనకు తప్ప ఎవరికీ ఇవ్వరు. ఇప్పుడు మరణ ధృవీకరణ పత్రం పెట్టి ఎవరైనా అడగొచ్చు, మీ అన్నలు ఒప్పుకోవాల్సిన పని లేదు. నంబరు తెలియకపోయినా రాసినవాళ్ల పేర్లతో వీలునామాలకు వేరే సూచిక ఉంటుంది. నాయన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు పూర్తిగానూ, పొడి అక్షరంతోనూ రెండు విధాలా వెతికించండి. ఏ ఏడాది చేసి ఉంటాడో ఒక అంచనా ఇస్తే పని తొందరగా అవుతుంది.

యాడ వెతకాలి? ఇల్లు ఆదోనిలో ఉందని ఆదోనిలోనే చేయించి ఉండాలని లేదు. వీలునామాకు ఆ కట్టుబాటు లేదు. ఊళ్లో తెలియకూడదనుకున్నవాళ్లు పక్క ఊరికి పోతారు. ఎమ్మిగనూరు, కర్నూలు, ఇంకా ఆయన పని మీద తిరిగిన ఊళ్లు చూడండి. ఇంట్లో పాత చొక్కా జేబులు, కరెంటు బిల్లుల కట్ట వెతకండి. రిజిస్ట్రేషను ఫీజు కట్టిన రసీదు చిన్నదైనా అందులో తేదీ, ఆఫీసు పేరు ఉంటాయి. జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో సీలు కవరు డిపాజిట్ ఉందా అని విడిగా అడగండి, అది వేరే పుస్తకం. ఆ ఆఫీసుల ముందు కూర్చునే పాత రైటర్లను కూడా అడగండి. మా వాళ్లకు రాసిన ముఖాలు గుర్తుంటాయి, టీ ఇప్పిస్తే ఇంకా గుర్తుంటాయి.

నకలు దొరికితే దానిమీదున్న సాక్షుల పేర్లు చూసి అదే రోజు వాళ్ల దగ్గరికి పొండి. అసలు కాగితం ఇంట్లో ఎవరి దగ్గరుందన్నది తర్వాత.

దొరికేదాకా దేనిమీదా సంతకం పెట్టొద్దు. తొందర వాళ్లది, మీది కాదు. నాయన సొంతంగా సంపాదించింది అయితే, వీలునామా లేకపోయినా అన్నలకెంతో మీకూ అంతే, అమ్మ ఉంటే ఆమెకూ అంతే. కాబట్టి వెతికితే మీకు పోయేదేమీ లేదు. వాళ్లు తెచ్చే కాగితం పాలు పంపకమా, హక్కు విడుదలా అన్నది పై గీత చదివితే తెలుస్తుంది. హక్కు విడుదల అని ఉంటే కలం మూసేయండి.

ప్రశ్న: వీలునామా పాడవకుండా లామినేషన్ చేయించమంటున్నాడు మా అబ్బాయి. చేయించొచ్చా?
– ఒక పాఠకురాలు, డోన్

జవాబు: వద్దమ్మా. రేపు సంతకమో వేలిముద్రో పరీక్షకు పంపాల్సి వస్తే ఆ ప్లాస్టిక్ పొర అడ్డం. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులూ వద్దు, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. మడవకుండా పెద్ద కవరులో పెట్టి, నీళ్లు దూరని ప్లాస్టిక్ సంచిలో వేసి బీరువా పై అరలో పెట్టండి.

పై అర అని ఎందుకంటున్నానంటే, 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి మా పాతబస్తీలోకి వచ్చినాయి. నా బీరువా కింది రెండు అరల్లో జనం నా దగ్గర పెట్టిన కాగితాలున్నాయి. బురద తీసినాక ఒక్కో పేజీ విడదీసి నులకమంచం మీద పరిచి, నా భార్యా నేనూ విసనకర్రలతో విసురుతూ కూర్చున్నాం. ఇంకు పెన్నుతో రాసినవి నీలం నీళ్లయిపోయినాయి. బాల్‌పెన్నువి నిలిచినాయి. వేలిముద్రల నల్లసిరా ఒక్కటి మాత్రం కాగితం చివికినా చెక్కుచెదరలేదు. అప్పటి నుంచి వీలునామా ఎవరు రాయించినా సంతకం పక్కన వేలిముద్ర కూడా వేయించేవాణ్ణి.

మీ అబ్బాయిని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోమనండి. అది వెతకడానికి పనికొస్తుంది. ఫొటో వీలునామా కాదని కూడా చెప్పండి.

ప్రశ్న: మేం ముస్లింలం. మాకు కూడా ఈ కవరు డిపాజిట్, రిజిస్ట్రేషను ఉంటాయా? మా అబ్బా ఇల్లంతా చిన్న కొడుక్కే రాస్తానంటున్నాడు.
– ఒక పాఠకుడు, కర్నూలు పాతబస్తీ

జవాబు: ఉంటాయి భాయ్, రిజిస్ట్రేషను చట్టం అందరిదీ. మీ వసీయత్‌కు, అంటే వీలునామాకు, ఇద్దరు సాక్షుల నిబంధన లేదు, నోటిమాటా చెల్లుతుంది. అయినా రాసి, సాక్షులతో సంతకం పెట్టించి, భద్రపరచమనే చెప్తాను. నోటిమాటను ఏ పెట్టెలో దాస్తాం?

చిన్న కొడుకు విషయం మాత్రం అబ్బాజాన్‌కు నిదానంగా చెప్పండి. అప్పులు, ఖననం ఖర్చు పోను మిగిలినదాంట్లో మూడో వంతుకు మించి వసీయత్ చేస్తే ఆయన తర్వాత వారసులు ఒప్పుకోవాలి. మన వైపు ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, వారసుడైన కొడుక్కే రాస్తే ఆ మూడో వంతుకూ మిగతావాళ్లు సరేననాలి. ఇల్లంతా ఒకరికే రాసిన కాగితాన్ని ఎంత గట్టి పెట్టెలో పెట్టినా, తీసినరోజు మిగతావాళ్లు కాదంటే ఆగిపోతుంది. ముందు పిల్లలందరినీ పిలిపించి మాట్లాడమనండి. ఆయన మంచం మీద ఉంటే, తగిన కారణం చూపి అర్జీ పెడితే రిజిస్ట్రేషను అధికారి ఇంటికే వస్తాడు. దానికి విడిగా ఫీజు ఉంటుంది, ఎంతన్నది ఆఫీసులో అడిగి ఆటో మాట్లాడుకోండి.